బీమ్ నిలబడిన ఎనిమిది గంటలు

"నా ప్రోగ్రాం నడుస్తుంటే నాబ్ ఎవరు తిప్పారు?" అంటూ కంట్రోల్ రూమ్‌లోకి దూసుకెళ్ళాను.

"నేనే. ఏం, అరెస్టు చేయిస్తారా?" అంది ఆపరేటర్ స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా.

నాకు బోలెడు కోపం వచ్చింది. తీరా ఆమె తల తిప్పి చూసేసరికి దాన్ని ఎక్కడ పెట్టానో మర్చిపోయాను.

మాది ఫ్రీ ఎలక్ట్రాన్ లేజర్. మిగతావాళ్ళు కిలోమీటర్ల పొడవున కట్టేదాన్ని మేం ఒక్క హాల్లో ఇరికించాం. ఎలక్ట్రాన్లను పరిగెత్తించి అయస్కాంతాల మధ్య అటూ ఇటూ ఊపితే, కంటికి కనపడని పొట్టి అలల కాంతి పుడుతుంది. మా మాటల్లో బీమ్. చిన్న యంత్రం కదా, రోషం ఎక్కువ. హాల్లో వేడి కాస్త మారితే చాలు, లోపలి అద్దం వెంట్రుకవాసి ఒరుగుతుంది, బీమ్ అలిగి కూర్చుంటుంది. ఆ అద్దాన్ని చేత్తో జరిపే నాబ్ ఆమెది, తనంతట తానే సరిదిద్దే ప్రోగ్రాం నాది. శుక్రవారం లోపు బీమ్ ఎనిమిది గంటలు నిలబడకపోతే నా ఉద్యోగం ఉండదని ల్యాబ్ పెద్దాయన చెప్పేశారు. ఆయన ఈ ఆపరేటర్‌కి సొంత మేనమామ.

బుధవారం దాకా రెండు గంటలైనా నిలబడలేదు. నా ప్రోగ్రాంకి చేతకాదని ఆమె, ఆమె చెయ్యి ఊరుకోదని నేను.

గురువారం ఆమె రాసుకున్న పుస్తకాన్నీ, నా కంప్యూటర్ రికార్డునీ పక్కపక్కన పెట్టి చూశాం. బీమ్ తగ్గిన ప్రతిసారీ ప్రోగ్రాం అద్దాన్ని ఎడమకి జరిపింది. అదే నిమిషంలో ఆమె కూడా ఎడమకే తిప్పింది. దిద్దుబాటు రెండింతలై అద్దం అవతలికి పోయింది. మళ్ళీ ఇద్దరం కలిసి కుడికి!

"వద్దన్నా ఎందుకు తిప్పారండీ?"

ఆమె పుస్తకం మూసేసింది. "బీమ్ పడిపోతే మిమ్మల్ని పంపించేస్తారుగా. సాయం చేద్దామనుకున్నా."

వెళ్ళిపోతే ఈ తగువు ఇంకెవరితో పెట్టుకుంటానన్నదే నా దిగులు కూడా.

శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి మొదలెట్టాం. ప్రోగ్రాం మాత్రమే పనిచేయాలి, నాబ్ ఎవరూ ముట్టకూడదు.

"నా చెయ్యి పట్టుకోండి" అంది ఆమె ఉన్నట్టుండి.

"ఏంటి?"

"ఆరేళ్ళ అలవాటు. ఇప్పటికే రెండుసార్లు నాబ్ మీదకి వెళ్ళబోయింది. మీ ఉద్యోగం పోతే నన్ననకండి."

పట్టుకున్నాను. ఉద్యోగం కోసమే అని ఎవరికైనా చెప్పగలను గానీ, నాకు నేను చెప్పుకోలేను.

మూడింటికి స్క్రీన్ మీద బీమ్ బలాన్ని చూపే గీత జారింది. దాంతోపాటు నా గుండె కూడా. ఖాళీగా ఉన్న నా రెండో చెయ్యి నాబ్ మీదకి ఉరికింది. ఆమె టక్కున దాన్నీ పట్టేసుకుంది.

"ఆగు! నువ్వు రాసిందేగా, నమ్ము."

"నాకే నమ్మకం లేదు."

"నాకుంది."

పదకొండు సెకన్లు ఇద్దరం ఊపిరి బిగబట్టాం. గీత మెల్లగా లేచి నిలబడింది. ఆమె నన్ను నువ్వు అన్నదని అప్పుడు గమనించాను. ఉద్యోగం సంగతి కాసేపు గుర్తే లేదు.

సాయంత్రం పెద్దాయన వచ్చి, రికార్డు చూసి, కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చూశారు. "ఎనిమిది గంటలు! నీ ఉద్యోగం ఖాయమయ్యా." తర్వాత ఆయన చూపు టేబుల్ మీదకి దిగింది. మా నాలుగు చేతులూ అక్కడే ఉన్నాయి.

"బీమ్ కోసం, మామయ్యా" అంది ఆమె గబగబా.

"బీమ్ ఆపేసి పావుగంటైందే!"

ఇక దాచడం నా వల్ల కాలేదు. "సార్, మీ మేనకోడలంటే నాకు చాలా ఇష్టం. పెళ్ళి చేసుకుంటాను."

"నాకు చెప్తావేంటి? దాన్నడుగు."

ఆమె వైపు తిరిగాను. బుగ్గలు ఎర్రబడ్డాయి గానీ నోరు మాత్రం తగ్గలేదు. "ఇప్పుడా? నువ్వు మూడింటికే అడుగుతావనుకున్నా."

పెద్దాయన పగలబడి నవ్వారు. "మా చెల్లెలికి నేను చెప్తాలే. ముందు పోయి ఏమన్నా తినండి."

లేచాం. చేతులు మాత్రం వదల్లేదు.