సముద్రం వైపు గది

మార్కాపురంలో తర్లుపాడు రోడ్డు మీద అస్లాం ఇల్లు. ముందు వరండా, వెనక గచ్చు చేసిన పెరడు, ఆ పెరట్లో ట్యాంకర్ నీళ్లు పోయించుకునే సంపు. అస్లాంకి పలకల ఫ్యాక్టరీ ఉంది. భార్య షాయిస్తా ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతుంది. పెళ్లయి ఇన్నేళ్లయినా ఇద్దరూ కలిసి ఊరు దాటారంటే చుట్టాల పెళ్లిళ్లకో, ఆస్పత్రులకో తప్ప సరదా కోసం ఎన్నడూ కాదు.

రాయి కొనడానికి ఫ్యాక్టరీకి వచ్చిన ఇంగ్లండు వ్యాపారి ఒకాయన తన ఫోన్లో కార్న్‌వాల్ తీరం చూపించినాక షాయిస్తాకు ఇంకో ధ్యాస లేకుండా పోయింది. పచ్చటి గుట్టలు ఉన్నట్టుండి తెగి సముద్రంలోకి కూలినట్టుండే ఒడ్డు. ఒడ్డు మీద సున్నం కొట్టిన చిన్న చిన్న ఇళ్లు. వాటి పైకప్పులకు మార్కాపురం రాయిలాంటి నల్లరాతి పలకలే. సెప్టెంబరులో పోదామని అస్లాం మాటిచ్చాడు. పాస్‌పోర్టులు వచ్చాయి. షాయిస్తా రోజూ సాయంత్రం రైళ్ల వేళలు, అక్కడి వానలు, స్వెట్టర్ల సంగతి చదువుతూ కూర్చునేది.

"ఇక్కడ ఎండకి మాడేది చాలదని అక్కడికి పోయి చలికి గడ్డకడతారా ఏంది?" అనేది అత్త జులేఖా. అంటూనే కొడుక్కి ఉన్ని టోపీ అల్లడం మొదలుపెట్టింది.

ఉండటానికి ఒక ఇల్లు కూడా కుదిరింది. ఎడిత్ అనే ముసలామెది. ఒంటరిగా ఉంటుంది, పై గది అద్దెకిస్తానంది. డబ్బు కట్టేముందు ఇల్లు ఒకసారి చూపించమని షాయిస్తా అడిగితే, ఆదివారం వీడియో కాల్ చేస్తానని చెప్పింది.

ఆ ఆదివారం మే నెల ఎండ పొద్దు వాలినా తగ్గలేదు. తర్వాత గాలిదుమారం లేచింది, వీధంతా ఎర్రటి దుమ్ము. కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద హాల్లో ఒక్క లైటు, ఒక్క ఫ్యాను. మోటారు ఆడదు కాబట్టి, సాయంత్రం మగ్రిబ్ నమాజుకు ముందు వజూకి కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి జులేఖా పెరట్లోకి పోయి సంపు మూత తీసింది. ట్యాంకర్ రాలేదు. అడుగున పాదం మునిగేన్ని నీళ్లే ఉన్నాయి. చేంతాడుకు కట్టిన బకెట్ గచ్చుకు గీసుకునే చప్పుడు హాల్లోకి వినబడుతోంది.

టీపాయ్ మీద నీళ్ల జగ్గుకు ఆనించిన ఫోన్లో ఎడిత్ నవ్వుతూ ప్రత్యక్షమైంది. తెల్ల జుట్టు, ఎర్రటి బుగ్గలు. వంటగది చూపించింది. ఇరుకు చెక్క మెట్లు ఎక్కింది. పై గది తలుపు తీసింది. ఇత్తడి మంచం, తెల్ల దుప్పటి, కిటికీ నిండా సముద్రం.

"ఈ గది ఇంతవరకూ ఎవరికీ ఇవ్వలేదు. మీరే మొదటివాళ్లు."

"యా అల్లా... చూడండీ," అంది షాయిస్తా భర్త భుజం పట్టుకుని. అస్లాం సోఫాలో ముందుకు వంగాడు. ఆయన కళ్లలో కూడా చిన్నపిల్లాడి సంబరం.

ఎడిత్ మంచం అంచున కూర్చుని ఫోను తన వైపు తిప్పుకుంది. వాళ్లిద్దరినీ చూసింది. తర్వాత వాళ్ల వెనక్కి చూసింది.

"ఆ మూడో ఆయన కూడా వస్తున్నారా? మంచం ఇద్దరికే సరిపోతుంది మరి."

ఇద్దరూ వెనక్కి తిరిగారు. గోడ, బీరువా, అంతే.

"ఇక్కడ మేమిద్దరమే ఉన్నాం," అంది షాయిస్తా నవ్వి.

ఎడిత్ నవ్వలేదు. ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. బుగ్గల ఎరుపు పోయింది.

"ఆయన ఒళ్లంతా ఎందుకు తడిసింది?" గొంతు గుసగుసలోకి దిగింది. "వంగుతున్నాడు... మీ ఆయన మీదికి వంగుతున్నాడు... అమ్మా, లేవండి. అక్కణ్నించి లేవండి!"

అప్పుడు వాసన వచ్చింది. ఉప్పు. కుళ్లిన నాచు. ఎన్నాళ్లో నీళ్లలో నానిన తోలు. చుట్టుపక్కల ఎటు పోయినా ఎండిన చేలే ఉండే ఆ ఊళ్లో, మే నెలలో, సముద్రపు వాసన. సోఫా వెనక గచ్చు మీద ఏదో కారుతోంది.

టప్... టప్...

"షాయీ..." అన్నాడు అస్లాం. అంతే.

ఆయన తల వెనక్కి లాగినట్టయింది. మరుక్షణం ముఖం టీపాయ్ అద్దానికి కొట్టుకుంది. అద్దం పగిలింది. తల లేచింది, మళ్లీ పడింది. ముక్కు ఎముక విరిగిన చప్పుడు షాయిస్తా చెవుల్లోనే విరిగినట్టు వినబడింది. రక్తం ఆమె దుపట్టా మీద చిమ్మింది. ఆయన జుట్టు నిక్కబొడుచుకుని ఉంది, ఎవరో పిడికిట పట్టినట్టు. చెంప మీద అయిదు గుంటలు పడ్డాయి. వేళ్లు కనబడలేదు. గుంటలే కనబడ్డాయి.

షాయిస్తా ఇనప స్టూలు ఎత్తి ఆయన తల వెనక గాలిలోకి బలంకొద్దీ కొట్టింది. స్టూలు తగిలింది. తడిసిన గోనెసంచికి తగిలినట్టు మెత్తగా తగిలింది. ఏదో ఆమె ఎడమ మణికట్టు పట్టుకుంది. మంచులాంటి చెయ్యి. మెలిపెట్టింది. ఎముక పటుక్కుమంది.

ఆమె కేక పెట్టి కూలబడేసరికి అది అస్లాంని వెల్లకిలా ఈడ్చుకుపోతోంది. ఆయన పెరటి గుమ్మం పట్టుకున్నాడు. రెండు చేతులా పట్టుకున్నాడు. వేళ్లు ఒక్కొక్కటే వెనక్కి విరుచుకున్నాయి. ఆఖరి వేలి గోరు ద్వారబంధానికే అంటుకుని ఉండిపోయింది.

పెరట్లో జులేఖా చేంతాడు చేత పట్టుకుని నిలబడి ఉంది. కొడుకు తనంతట తానే గచ్చు మీద జారుకుంటూ వస్తున్నాడు, రక్తపు చార గీసుకుంటూ.

"అమ్మీ! పట్టుకో అమ్మీ!"

ఆమె అందుకునేలోపు ఆయన సంపులోకి తలకిందులుగా పోయాడు. పాదం మునిగేన్ని నీళ్లలో మనిషి పడితే గచ్చుకు తగిలిన చప్పుడు వెంటనే రావాలి. రాలేదు. చాలాసేపటికి, ఎక్కడో చాలా లోతున... నీళ్లు చెదిరిన చప్పుడు.

షాయిస్తా పరుగెత్తుకొచ్చింది. విరిగిన చెయ్యి వేలాడుతోంది.

"తాడు కట్టు అమ్మీ. నా నడుముకి కట్టు!"

"నువ్వు కూడా పోతావు బిడ్డా..."

"కట్టు!"

జులేఖా చేంతాడు కోడలి నడుముకు బిగించి, రెండో కొస పెరటి మూలనున్న మునగచెట్టు మొదలుకు చుట్టింది. షాయిస్తా సంపు గోడకున్న ఇనప మెట్లు దిగింది. మెట్లు అయిపోయాయి. కాలు చాచింది. అడుగు లేదు.

నీళ్లు రొమ్ముదాకా వచ్చాయి. ఆ ఊళ్లో ఎన్నడూ పుట్టని చలి. నీళ్లు ఊరికే లేవు, వెనక్కి తీస్తున్నాయి, ముందుకు తోస్తున్నాయి. ఊపిరి బిగబట్టి మునిగింది. చీకటి. చొక్కా గుడ్డ చేతికి తగిలింది. పట్టుకుని పైకి లాగింది. అప్పుడే ఆమె గొంతు చుట్టూ వేళ్లు బిగుసుకున్నాయి. మెడ నరాలు పగిలిపోతాయనిపించింది. నోటికి అందినదాన్ని కసుక్కున కొరికింది. మెత్తగా తెగింది. నోటినిండా ఉప్పు, నీచు. మళ్లీ కొరికింది. వేళ్లు సడలాయి.

"లాగు అమ్మీ!"

ఆ ముసలి చేతులకు అంత బలం ఎక్కణ్నించి వచ్చిందో. ముందు అస్లాం తల, తర్వాత భుజాలు, తర్వాత అతన్ని కిందనుంచి నెడుతూ షాయిస్తా. ఇద్దరూ గచ్చు మీద పడ్డారు. జులేఖా ఇనప మూతను కాలితో తోసి సంపు మూసేసింది. అంతవరకే షాయిస్తాకు గుర్తు. ఆ తర్వాత స్పృహ తప్పింది.

పక్కింటి గోవర్ధన్ ఆటోలో ఆస్పత్రికి చేర్చాడు. అస్లాం బతికాడు. ముక్కు, రెండు పక్కటెముకలు, వేళ్లు విరిగాయి. ఊపిరితిత్తుల్లోంచి తీసిన ఉప్పునీళ్లు, నాచు చూసి డాక్టరు నమ్మలేకపోయాడు.

"ఏ సముద్రంలో పడ్డాడమ్మా?" అన్నాడు.

మర్నాడు పగలు ఎడిత్ ఫోన్ చేసింది. ఏడుస్తోంది.

"మీ వెనక కనబడింది నా భర్త. చీకట్లో మొదట పోల్చుకోలేదు. పడవ మునిగి పోయాడు. శవం దొరకలేదు. ఆ మంచం మీద ఇంకొకరు పడుకుంటే ఓర్వలేడు... బతికున్నప్పుడూ అంతే, చేతులే మాట్లాడేవి. పోయాడు కదా అనుకున్నాను. రావద్దమ్మా. ఎవరూ రావద్దు." ఫోన్ పెట్టేసింది.

షాయిస్తా వార్డు బయట బెంచీ మీద అత్త పక్కన కూర్చుంది. చెయ్యి కట్టులో ఉంది. తలుపు సందులోంచి అస్లాం కనబడుతున్నాడు. ముఖమంతా కట్లే, కళ్లు మాత్రం తెరిచి పైకప్పు చూస్తున్నాడు. పొద్దుట్నించీ ఒక్క మాట మాట్లాడలేదు.

"నయమైపోతుంది అమ్మీ," అంది షాయిస్తా. "మనం తెచ్చుకున్నాం కదా ఆయన్ని."

జులేఖా కొడుకు వైపు చూడలేదు. చేతిలోని తస్బీ పూసలు వేళ్ల మధ్య కదలడం లేదు.

"బేటీ... ఒకటి చెప్తా, గట్టిగా అరవొద్దు."

"ఏంది అమ్మీ?"

"మూత వేసినాక నువ్వు పడిపోతివి. వాడు నా ముందే పడుండాడు, కళ్లు మూసుకోని. అప్పుడు... కింద నుంచి తట్టినారు."

షాయిస్తా అత్త వైపు తిరిగింది.

"ఎవరు?"

"అమ్మీ, నేను అస్లాంని, మూత తియ్యి అని ఏడ్చినాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే ఏడ్చేవాడే, అట్లనే. వాడి గొంతే బేటీ. నా బిడ్డ గొంతు నాకు తెలీదా?"

"నువ్వేం చేసినావు అమ్మీ?"

జులేఖా తలుపు సందు వైపు ఒక్కసారి చూసి, కళ్లు దించుకుంది.

"తట్టేది ఆగేదాకా... ఆ మూత మీదనే కూచున్నా."