నూలు గోదాము గాజులో

రెండో షిఫ్టు వదిలాక నూలు గోదాము వైపు ఎవరూ వెళ్లరు. గేటుకి అదే దగ్గర దారి. అయినా షెడ్డు వెనక నుంచి పావుగంట చుట్టు తిరిగి పోతారు. మూటలెత్తే పహిల్వాను ఒకసారి పందెం కాసి అటు వెళ్లాడు. చెప్పులు అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. మర్నాడు పట్టపగలు కూడా తను పోలేదు, పెళ్లాన్ని పంపి తెప్పించుకున్నాడు.

గోదాము ఇనప తలుపుకి మనిషి మొహమంత గాజు పలక ఉంది. రాత్రి పది దాటాక దాని వెనక ఒక ఆడపిల్ల మొహం వస్తుందట. అరవదు... ఏడవదు... పెదాలు కదుపుతుంది. అంతే.

ఆ పిల్ల ఎవరో మిల్లంతటికీ తెలుసు. ఏడో మగ్గం మీద పనిచేసేది. ఎనిమిదో మగ్గం వాళ్ల అక్కది.

మరమగ్గాల షెడ్డులో పక్కన పిడుగు పడినా వినబడదు. అందుకే అక్కడివాళ్లంతా ఒకరి పెదాలు ఒకరు చూసి మాట్లాడుకుంటారు. ఆ చివర ఎవరి అత్త ఎవర్ని తిట్టిందో ఈ చివర తెలిసిపోతుంది. ఆ రొదలోనే ఈ అక్కాచెల్లెళ్లతో కలిపి ఆరుగురు ఆడవాళ్లు, చేతిపని ఆపకుండా, గొంతెత్తకుండా ప్రార్థన చేసుకునేవాళ్లు. ఒకామె కష్టంలో ఉన్న ఎవరి కోసమో ప్రభువును అడిగేది. పక్క మగ్గం ఆమె "ఆమేన్" అన్నాకే వంతు అవతలికి సాగేది. ఆమేన్ రాకపోతే మొదటామె మళ్లీ మొదటినుంచి చెప్పాలి. అది వాళ్ల పద్ధతి.

మేస్త్రీ కూడా ఒకప్పుడు మగ్గం నడిపినవాడే. తన గాజు గదిలోంచి అంతా చదివేశాడు. తన మిల్లులో ఈ ప్రార్థనలు సాగవన్నాడు. ఇక మానేస్తామని కాగితం మీద సంతకాలు పెట్టమన్నాడు. నలుగురు పెట్టారు.

అక్కని పిలిచి, "నువ్వూ వాళ్లలో ఉన్నావా?" అని అడిగాడు.

"లేనండి" అంది అక్క.

చెల్లెలు సంతకం పెట్టలేదు. పెట్టకపోగా మర్నాడు మేస్త్రీ కోసమే ప్రార్థన చేసింది. అక్కకి ఒళ్లు మండిపోయింది. మన నోటికాడి కూడు లాక్కునేవాడి కోసమా... అనుకుని మొహం తిప్పేసుకుంది. ఆమేన్ అనలేదు.

ఆ సాయంత్రం మేస్త్రీ చెల్లెల్ని గోదాములో పెట్టి తాళం వేశాడు. "సంతకం పెట్టే బుద్ధి పుట్టినప్పుడు తలుపు కొట్టు" అన్నాడు.

అక్క అటుగా పోతూ చూసింది. గాజు వెనక చెల్లెలి పెదాలు కదులుతున్నాయి. చదివితే ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది... తల వంచుకుని వెళ్లిపోయింది.

ఆ రాత్రి నూలు అంటుకుంది. తాళంచెవి మేస్త్రీ జేబులో ఉంది. మేస్త్రీ ఇంట్లో నిద్రపోతున్నాడు. పిల్ల తనే లోపల పడుకుందని, చూసుకోక తాళం వేశారని కాగితాల్లో రాశారు. అక్క నోరు విప్పలేదు. కానీ ఆ రోజు నుంచి ఆమెకి ఒకటే కోరిక. వాడు కుళ్లి కుళ్లి చావాలి. అది తను కళ్లారా చూడాలి.

ఏడాది తిరిగాక మేస్త్రీయే ఆమె దగ్గరికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు.

"ఇవాళ షిఫ్టయ్యాక ఉండు. నీ చెల్లెలు ఏమంటోందో చదివి చెప్పాలి."

అక్క ఉంది. చెప్పాల్సింది ముందే సిద్ధం చేసుకుంది. ఒక్క మాట చాలు... మిగతా పని వాడి భయమే చేస్తుంది.

పది దాటింది. మగ్గాలు ఆగాయి. అంత రొద ఒక్కసారి ఆగితే చెవుల్లో హోరు మిగులుతుంది. మేస్త్రీ టార్చి తలుపు మీదికి తిప్పాడు. పొగచూరిన గాజు... నల్లగా... ఖాళీగా...

లోపలి వైపు నుంచి గాజు మీద ఊపిరి ఆవిరి పట్టింది.

తర్వాత మొహం వచ్చింది. ఎక్కడా కాలలేదు. నుదుటికి అంటుకున్న నూలు పోగు కూడా అలాగే ఉంది. చూపు అక్క మీదే. పెదాలు కదిలాయి.

ఈసారి అక్క తల వంచలేదు. చదివింది.

"ఏమంటోంది?" మేస్త్రీ గుసగుసగా అడిగాడు.

"చంపుతానంటోంది. నిన్నూ, నీ ఇంటిల్లిపాదినీ."

మేస్త్రీ భయపడలేదు. హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలాడు. "తిట్టేనా? నిజంగా తిట్టేగా?"

అక్క గాజు మీంచి చూపు తిప్పి వాడి వైపు చూసింది.

"నీకూ చదవడం వచ్చుగా..."

"వచ్చు" అన్నాడు మేస్త్రీ. "ఏడాదిగా చదువుతున్నా. ప్రభువా, మేస్త్రీని క్షమించు, ఆయన ఇంటిని చల్లగా చూడు... అని ఆగుతుంది. మళ్లీ మొదలుపెడుతుంది. తప్పు చదువుతున్నానేమో, తిట్టేమో అని... నువ్వంటే నమ్ముదామని..."

ఆగుతుంది. మళ్లీ మొదలుపెడుతుంది. అక్కకి అర్థమైంది. చెల్లెలు ఎదురుచూస్తున్నది పక్క మగ్గం కోసం.

ఆమేన్ అనకపోతే వీడు రోజూ ఇలా ఉడికిపోతూనే ఉంటాడు. ఆమె కోరుకున్నదే అది. కానీ ఆ తలుపు వెనక చెల్లెలు కూడా ఉండిపోతుంది. మేస్త్రీ వేసిన తాళం ఒక్క రాత్రిది. మిగతా ఏడాదీ తాళం వేసి ఉంచింది తనే.

"ఆ రోజు నువ్వడిగావే, వాళ్లలో ఉన్నావా అని" అంది అక్క. "ఉన్నాను." తర్వాత గాజు వైపు తిరిగి, జీవితంలో మొదటిసారి పైకి వినబడేలా ప్రార్థించింది. "యేసయ్యా, వీడంటే నాకు అసహ్యం. అది నీకు తెలుసు. అయినా చెల్లి మాటే నా మాట అనుకో."

మేస్త్రీ చప్పున తలుపుకి అడ్డం వచ్చాడు. "అనకు... అంటే వెళ్లిపోతుంది. నా కోసం అడిగేవాళ్లు ఇంకెవరూ లేరు."

అక్క సూటిగా వాడి కళ్లలోకి చూసింది.

"ఆమేన్."

అందులో ప్రార్థన ఎంతో, పగ ఎంతో ఆమెకే తెలీదు. వాడి భుజం మీంచి చెల్లెలు నవ్వడం కనబడింది. ఇక వంతు నీదే అన్నట్టు తల ఊపింది. గాజు మీద ఆవిరి మెల్లిగా చెదిరిపోయింది.

"ఇక ప్రార్థనలో నా పేరు ఎవరు చెప్తారు?" మేస్త్రీ కూలబడిపోయాడు.

"ఆ తాళం ఎవరు వేశారో నలుగురి ముందూ నీ నోటితో చెప్పు. అప్పుడు నేను చెప్తా."

అక్క గేటు దాకా వెళ్లింది. వెనక దబదబా చప్పుడు. మేస్త్రీ ఆ ఖాళీ గోదాము తలుపు కొడుతున్నాడు. తెల్లారి పొద్దుటి షిఫ్టు వాళ్లు వచ్చేదాకా కొడుతూనే ఉన్నాడు.

అందరూ మూగారు. అక్క వాళ్ల మధ్యలోంచి వెళ్లి, "ఊఁ, చెప్పు" అంది.

మేస్త్రీ నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి. గొంతు రాలేదు... ఈ రోజుకీ రాలేదంటారు.

అయితేనేం, అక్కడున్నవాళ్లంతా మగ్గాల షెడ్డు మనుషులు. ప్రతి మాటా చదివారు.