కొట్లాడే నెత్తురు

"మేడమ్, గంట నుంచి చూస్తున్న. గీ చుక్కలు గెలుస్తున్నయా, గా చుక్కలా?"

శ్రీధర్‌రావు దేవకి కుర్చీ వెనక నిలబడి అడిగాడు. 1994లో కరీంనగర్‌లో కంప్యూటర్ సెంటర్ పెట్టిన ధైర్యవంతుడు. అక్కడికి అందరూ జీతాల బిల్లులు కొట్టించుకోవడానికి వచ్చేవాళ్లే; నల్ల తెర మీద రోగాన్ని పెంచడానికి వచ్చింది దేవకి ఒక్కతే.

"తెల్లచుక్కలు బోదకాలు పురుగులు. పచ్చవి ఒంట్ల ఉండే రక్షణ కణాలు" అంది దేవకి తల తిప్పకుండా. "పురుగు ఎందరి నెత్తుర్లనో ఉంటది. కొందరి కాలే ఎందుకు వాస్తది? గదే నా రీసెర్చ్."

"కొట్లాడ చాతగానోళ్లకు వాస్తది. దీనికి ప్రోగ్రాం ఎందుకు?"

"ఉల్టా. గట్టిగ కొట్లాడే ఒంటికే వాపొస్తది. ఊకున్న ఒంట్ల పురుగు హాయిగ కాపురం పెడ్తది. నమ్మకపోతే మీ నెత్తురియ్యుండ్రి."

పంతానికి పోయి ఇచ్చాడు. కొన్నాళ్లకు దేవకే వచ్చి చెప్పింది, పురుగుంది, మందు మింగమని.

శ్రీధర్ తన కాళ్లు చూసుకున్నాడు. రెండూ నిక్షేపంలా ఉన్నాయి. "నా ఒళ్లు గింత పిరికిదా?" అని మొహం వేలాడేశాడు. దేవకి పడీపడీ నవ్వింది. ఆ నవ్వుకే పడిపోయాడు మహానుభావుడు.

వానలు వెనకబట్టేలోపే పెళ్లి మాట ఎత్తాడు. దేవకి చీర అంచు కొద్దిగా జరిపింది. ఎడమ చీలమండ దగ్గర వాపు.

"నాది కొట్లాడే ఒళ్లు."

"తెలుసు. పొద్దుగూకితే మీకు చెప్పు బిగుస్తది. నేను చూస్తలేననుకున్నరా?"

"మీ అమ్మకు తెలుసా?"

"తెల్వది."

"తెలవాలె. దాచిపెట్టి మీ ఇంట్ల అడుగు పెట్ట."

హుస్నాబాద్ నుంచి శ్రీధర్ తల్లి జానకీబాయి కొడుకును వెంటబెట్టుకుని దేవకి ఇంటికి పెళ్లిచూపులకు వచ్చింది. ఆ రోజుల్లో మా దిక్కు పిల్ల నడక చూడనిదే సంబంధం ఖాయం చేసేవారు కాదు. లోపల దేవకి తల్లి సరళాదేవి కూతురి కుచ్చిళ్లు నేలకు జారవిడిచింది. "పాదం కనవడనియ్యకు బిడ్డా. జర నడిచినట్టు చేసి కూసో."

"నడువు బిడ్డా" అంది జానకీబాయి.

శ్రీధర్ దక్కకపోతే తను తట్టుకోలేదు, ఆ సంగతి దేవకికి బాగా తెలుసు. అయినా గది మధ్యదాకా నడిచి, ఆగి, కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుంది.

"చూడుండ్రి. బోదకాలు. మందుతోని ఇంతల ఆపిన. దాచి పెళ్లి చేసుకోను."

సరళాదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జానకీబాయి మొహం మాడిపోయింది. "మా ఇంట్ల గీ రోగం ఎవ్వలికి లేదు" అంటూ లేవబోయింది.

"ఉన్నదమ్మా. నాకే ఉండె" అన్నాడు శ్రీధర్. "నా నెత్తుర్ల పురుగు దొరికింది. ఈమె చెప్పకుంటె ఇంకా మోసుకుంట తిరుగుదును. నా కాలు వాయలే, అంతే ఫరక్."

జానకీబాయి కొడుకు కాళ్లకేసి చూసింది. తర్వాత దేవకి కాలికేసి.

"పిల్లను నడిపిచ్చి చూడవడితి" అంది చివరికి. "ముందుగాల చూడవలసింది నా కొడుకు నెత్తురు."

సోఫాలో ఓ పక్కకు జరిగింది.

"ఇట్ల రా బిడ్డా, కూసో. ఎంతసేపని నిలవడ్తవు, కాలు గుంజుతది."