రెండు గంటలకు పోయే ఫ్యూజ్

అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక కంప్యూటర్ సెంటర్ ఉండేది. దాని బేస్‌మెంట్‌కి చెడ్డపేరు. అక్కడ పనిచేసిన దైవాశీర్వాదం అనే ఎలక్ట్రీషియన్ షాక్ కొట్టి చనిపోయాడట. అప్పట్నుంచి రాత్రి రెండు కాగానే ఒక ఫ్యూజ్ దానంతటదే పోతుందట... వాచ్‌మన్‌లు కూడా ఒంటరిగా దిగేవాళ్ళు కాదు.

ఇది నాకు జగన్మోహన్ గారు చెప్పారు. చెబుతూ కూడా ఆవులిస్తూనే ఉన్నారు.

1982 చలికాలం. కార్ల కంపెనీ లేఆఫ్‌లో ఉద్యోగం పోయి, ఆయన అక్కడ నైట్ డ్యూటీలో చేరి మూడు వారాలైంది. పగలు ఇంకో పని. కంటినిండా నిద్రలేదు.

కరెంటు పోయినా కంప్యూటర్లు ఆగకుండా కింద బ్యాటరీలతో నడిచే ఆరు ఇన్వర్టర్లు — మూడు ఫేజులకి రెండేసి, జతలుగా. జతలో ఒకదాని ఫ్యూజ్ పోతే లోడంతా రెండోదాని మీద పడి కాసేపట్లో అదీ ఆగిపోతుంది. ఇంకోసారి ఆగితే మర్నాటినుంచి రావద్దని మేనేజర్ చెప్పేశాడు. ఇంట్లో ఆయన భార్య విజయశ్రీ గారికి నెలలు నిండాయి. ఉద్యోగం పోతే హాస్పిటల్ ఖర్చుకి ఇన్సూరెన్స్ కూడా ఉండదు.

ఆ రాత్రి రెండయింది... టప్‌మంది. మూడో జతలో ఎడమదాని ఫ్యూజ్ పోయింది. కొత్తది పెట్టారు. అదీ పోయింది. ఇక పెట్టెలో ఫ్యూజులు లేవు.

వెనక ఎవరో ఊపిరి పీల్చినట్టనిపించింది. అనుమానం పెనుభూతం అనుకున్నారు. నిజానికి భయపడే ఓపిక కూడా లేదాయనకి.

మనవైపు ఫ్యూజ్ పోతే ఏంచేస్తాం? లావుపాటి రాగితీగ చుట్టేస్తాం. ఆయనా బ్యాటరీ స్విచ్ ఆపి, ఫ్యూజ్ చోట రాగి గొట్టం ముక్క బిగించబోయారు.

చెవి పక్కనే... గుసగుసగా —

“వద్దు బాబూ... కేబుల్ కాలిపోద్ది.”

మిషిగన్‌లో, ఆ నేలమాళిగలో, తెలుగు! తిరిగి చూస్తే — సన్నటి మనిషి. చొక్కా జేబు మీద కుట్టిన పేరు, దైవాశీర్వాదం.

జగన్మోహన్ గారు రాగి గొట్టాన్ని అడ్డంగా పట్టుకుని వెనక్కి జరిగారు. ఆ మనిషి కింద కూర్చుని ఆ జత కేబుళ్ళు చూపించాడు. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. పొట్టిదాంట్లో కరెంటు ఎక్కువ పారుతుంది, అందుకే రెండింటికి పైన కంప్యూటర్ల పని పెరగ్గానే దాని ఫ్యూజే పోతోందన్నాడు. వరసగా మూడు షిఫ్టులు చేసి, నిద్రమత్తులో కొలవకుండా కోసింది తనేనని చెప్పాడు.

పొడుగుదాన్ని కోసి రెండూ సమానం చేశారు. అతను జేబులోంచి ఒక ఫ్యూజ్ తీసిచ్చాడు. ఈసారి నిలిచింది.

అప్పుడు అడిగారు జగన్మోహన్ గారు, మెల్లగా. “మీరు చనిపోయారని చెప్పారే?”

“ఎవరు చూశారంట? లేఆఫ్ చేశారు. ఆరు నెలలైంది.”

మరి రాత్రిళ్ళు ఇక్కడ ఏంచేస్తున్నారని అడిగారు. అతను మిగిలిన కేబుల్ ముక్కని చుట్టచుడుతూ అన్నాడు.

“మా ఆవిడ లూసీకి ఇంకా చెప్పలేదు బాబూ. డ్యూటీ టైముకి బాక్సు కట్టి పంపిద్ది. ఎక్కడికి పోను... బయట మంచు. తాళంచెవి ఒకటి నా దగ్గరే ఉండిపోయింది.”

జగన్మోహన్ గారికి అసలు భయం అప్పుడు వేసిందట.