పిట్ట ముట్టని విస్తరి

"ముట్టలేదు! ఇంకా పిట్ట ముట్టలేదు!"

పత్తిచేను గట్టు మీద నుంచి మరిది బుల్లయ్య అరిచిన అరుపు సామ్రాజ్యం గుండెల్లో దిగబడింది. భర్త ఆదెయ్య పోయి మూడో రోజు. చిన్నదినం. ఆయనకిష్టమైన గోంగూర, కోడికూర, బీడీకట్ట... అన్నీ విస్తట్లో పెట్టి అందరూ దూరం జరిగారు. కరెంటు తీగ మీద కాకులు వరసగా కూర్చునే ఉన్నాయి. అరవవు... కదలవు... విస్తరి వంకే చూస్తున్నాయి!

"ఎట్టా ముడుతుంది? కాలిస్తే గదా! కట్టుకున్నవాణ్ణి కోసుకోమని కాలేజీకి అప్పజెప్పి వచ్చింది మహాతల్లి!" అత్త వెంకటేశ్వరమ్మ నెత్తి బాదుకుంది.

సామ్రాజ్యం తల వంచుకుంది. పత్తికి మందు కొట్టీ కొట్టీ ఊపిరి చెడిన మనిషిని నిరుడంతా ఉచితంగా చూసింది ఆ ధర్మాసుపత్రే. అక్కడ డాక్టరీ చదివే పిల్లలు రోజూ మంచం చుట్టూ మూగి వీపు మీద గొట్టం పెట్టి వినేవాళ్ళు. "ఇదుగో, ఇక్కడ పెట్టమ్మా... గరగర బాగా వినపడుద్ది" అని ఆయనే చూపించి మురిసిపోయేవాడు! కోసి నేర్చుకోవడానికి తమకు శరీరాలు దొరకడం లేదని వాళ్ళు అనుకుంటుంటే విన్నాడు. ఆ రోజే, తను పోయాక శరీరం వాళ్ళకే ఇమ్మని భార్య చేత చేతిలో చెయ్యి వేయించుకుని మాట తీసుకున్నాడు. ఆమె మాట నిలబెట్టుకుంది. అదే నేరమైపోయింది!

కానీ... ఆయన పోయిన నాటి నుంచీ దీపాలు పెట్టే వేళకు ఘాటైన మందు వాసనొకటి వసారాలోకి వస్తోంది. శవాలు పాడవకుండా కాలేజీలో వాడే మందు వాసన! ఎవరూ కూర్చోని నులకమంచం కిర్రుమంటోంది. అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం, తల తిప్పుకోవడం... నోరు తెరిచి ఒక్కరూ అనలేదు.

"అన్నా! నీ కూతురు తేజశ్రీని నేను చదివిస్తా!" బుల్లయ్య చేతులు జోడించాడు. కాకులు కదల్లేదు.

"నీ ఎడ్లని అమ్మను!"... కదల్లేదు.

"ఒట్టు అన్నా! రేపే కాలేజీకెళ్ళి నిన్ను తెచ్చి దహనం చేస్తా!"

కాకులన్నీ ఒక్కసారే లేచి వెళ్ళిపోయాయి. రెక్కల చప్పుడైనా లేదు!

వెంకటేశ్వరమ్మ మొహం పాలిపోయింది. కోడలి భుజం పట్టుకుని ఊపేసింది.

"చెప్పవే! ఆఖర్న వాడేమన్నాడు?"

"మీరు బాధపడతారని చెప్పలేదు అత్తయ్యా... 'అమ్మకి చెప్పి పోదామనుకున్నా. రాలేదుగా' అన్నారు..."

మనుషుల్ని కోసే చోట అడుగు పెట్టనని పంతం పట్టి, కొడుకు ఆఖరి చూపుకైనా వెళ్ళని తల్లి ఆమె! అక్కడే చేలో కూలబడిపోయింది.

"ఒరేయ్ ఆదెయ్యా... నాయనా! నిన్ను తెచ్చేది లేదురా. నేనే పంపుతున్నా. ఆ పిల్లల దగ్గరే ఉండు. నేనొచ్చి చూసిపోతా... తినరా తండ్రీ!"

వెనక రెండుసార్లు దగ్గు వినిపించింది. గడప దాటే ముందు ఆదెయ్య దగ్గే దగ్గు! సామ్రాజ్యం గిరుక్కున తిరిగింది. పత్తి మొక్కలు తప్ప ఎవరూ లేరు. తిరిగి చూసేసరికి ఎటునుంచి వచ్చిందో ఒంటి కాకి విస్తట్లో ముద్ద తింటోంది!

మర్నాడు అత్తాకోడళ్ళు బస్సెక్కి కాలేజీకి వెళ్ళారు. ఆదెయ్య మంచం దగ్గర రోజూ నిలబడ్డ షమా అనే అమ్మాయి ఎదురొచ్చి, శరీరాలుంచే హాలు తలుపు దగ్గర ఆపింది. "లోపలికొద్దు మామ్మగారూ, తట్టుకోలేరు. ముందుగా ఆయన పాదాలు ముట్టుకునే మొదలుపెడతాం" అంది.

వెంకటేశ్వరమ్మ సంచిలోంచి పాత దుప్పటి తీసింది.

"పాదాలు చల్లబడితే మావాడికి చిన్నప్పట్నుంచీ నిద్ర పట్టదమ్మా... మీ పనైపోయాక ఇది కాస్త కప్పు."

షమా దుప్పటిని రెండు చేతులా అందుకుంది. వెంకటేశ్వరమ్మ కోడలి చెయ్యి వెతికి పట్టుకుంది. "నాకు లేని ధైర్యం నీకుందే తల్లీ... వాడి మాట నువ్వే నిలబెట్టావు!"

ఆ సాయంత్రం నుంచి ఇంట్లోకి మందు వాసన రాలేదు. మంచం కిర్రుమనలేదు.

అయినా దీపాలు పెట్టే వేళకు వెంకటేశ్వరమ్మ వసారాలోకి వచ్చి, గాలి పీల్చి చూసి, కాసేపు నిలబడి... మెల్లగా లోపలికి వెళ్తుంది.