హామీలేం లేవు సార్

మార్చి పదకొండు. సెలెక్షన్ లిస్టు వచ్చిన రోజు. చిక్కడపల్లిలో బండి దగ్గర ఇద్దరూ మిర్చి బజ్జీలు తిన్నారు. సృజన్ కొనిచ్చాడు.

ఆ మంట హర్ష గొంతులోంచి ఇంకా పోలేదు.

లిస్టులో సృజన్ పేరుంది. హర్ష పేరు వెయిటింగ్‌లో... మొదటిది.

ఇప్పుడు హర్ష పరుగెడుతున్నాడు.

అశోక్ నగర్ హాస్టల్ మెట్లు దిగి, పుస్తకాల షాపుల ముందునుంచి, వాననీళ్లు చిమ్ముకుంటూ...

వెనకాలే సృజన్!

"ఆగురా హర్షా!"

ఆగడు. ఎందుకాగాలి?

ఒకే గది. ఒకే కోచింగ్. డిఫెన్స్ ల్యాబ్ ఉద్యోగం మాత్రం వాడికి! లిస్టు వచ్చినప్పటి నుంచీ మెస్ నర్సింహమ్మ కూడా వాడి కంచంలోనే గడ్డపెరుగు వేస్తోంది.

ఒక్కటే మిగిలింది... సెక్యూరిటీ క్లియరెన్స్.

సాయంత్రం ఎంక్వైరీ ఆఫీసర్ విశ్వేశ్వరరావు గారు గదికొచ్చి ఇద్దర్నీ విడివిడిగా అడిగి, నారాయణగూడలో టీ తాగి వెళ్తానంటూ దిగిపోయారు. కట్టని అప్పులున్నవాణ్ణి రహస్యాల దగ్గర కూర్చోబెట్టరు. డబ్బు చూపించి ఎవడైనా లొంగదీస్తాడని భయం.

సృజన్‌కి అప్పుంది. చిట్టీ ఎత్తి నాన్నతో జిరాక్స్ షాపు పెట్టించాడు. షాపు మునిగింది. వాయిదాలు ఆగాయి.

వాడు చెప్పి ఉండడు. చెప్తే ఉద్యోగం పోదూ?

ఆ సీటు ఖాళీ అయితే... హర్షదే!

హర్షనీ అడిగారాయన, అప్పులూ హామీలూ ఏమైనా ఉన్నాయా అని.

"నేనేమన్న లీడర్‌నా సార్, హామీలియ్యనీకి?" అన్నాడు హర్ష. ఆయన నవ్వి, లేవని రాసుకున్నారు.

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు. బస్సు... బ్రేకు! డ్రైవర్ తిడుతున్నాడు.

"ఒక్కమాట వినురా!"

వినడు.

నారాయణగూడ చౌరస్తా. ఇరానీ హోటల్ ముందు ఆయనే! టీ తాగేసి హెల్మెట్ పెట్టుకుంటున్నారు.

"సార్... సృజన్‌కి అప్పున్నది. చిట్టీ బాకీ. దాచిండు సార్."

"దాచలేదు బాబూ. ముందే చెప్పాడు. మళ్లీ కట్టడం మొదలెట్టాడు కూడా. మాకు అప్పు కంటే దాన్ని దాచడమే పెద్ద విషయం."

 అయినా హర్ష వదలడు.

"వాడు మొత్తం చెప్పిండనుకుంటున్నరా సార్? నాకెరుక."

"నీకెలా తెలుసు?"

"తెల్వకుండ ఎట్లుంటది? దానికి జమానత్ పెట్టిందే నేను!"



ఆయన హెల్మెట్ తీస్తారు. మెల్లగా.

"జమానత్ అన్నా హామీ అన్నా ఒకటే కదా బాబూ. అతను కట్టకపోతే ఆ అప్పు నీది. మరి లేవన్నావే?"

తను పేల్చిన తూటా ఎక్కడ తగిలిందో హర్షకు తెలియడం లేదు.

రొప్పుతూ సృజన్ వచ్చి నిలబడ్డాడు.

"జమానత్ ఎవరని నన్నడిగిండ్రు రా. నీ పేరు చెప్పలే. నీ నోటితోనే నువ్వు చెప్తే మంచిగుంటదని... గందుకే ఉరికొచ్చిన."

విశ్వేశ్వరరావు గారు జేబులోంచి పెన్ను తీశారు. రాయక తప్పదు బాబూ అన్నారు. కోపంగా కాదు.

వెయిటింగ్ ముగిసింది.

హర్ష చాలాసేపు వానలోనే తిరిగాడు. గదికొచ్చేసరికి తలుపు తీసే ఉంది. అతని మంచం పక్కన మూతపెట్టిన కంచం. మూత తీస్తే అన్నం... ఓ పక్కన గడ్డపెరుగు.

సృజన్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోలేదు.

హర్ష కంచం ముందు కూర్చున్నాక సృజన్ లేచాడు. 

చప్పుడు కాకుండా లోపలినుంచి తలుపు వేశాడు.