కీచురాయి కచేరీ

"రేపు సాయంత్రం మన రాడార్ స్టేషన్ల మ్యాపు సరిహద్దు దాటబోతోంది," అన్నాడు చీఫ్. "సూట్‌కేసులో కాదు. పెన్ డ్రైవ్‌లో కాదు. పాటలో."

బల్లకి ఇవతల కూర్చున్న ఏజెంటు నవ్వలేదు. డిపార్ట్‌మెంటులో ఆమెని అందరూ కీచురాయి అంటారు. ఆ పేరు పెట్టినవాడు చిన్నప్పటి సంగీతం మాస్టారు. ఈ పిల్ల గొంతు విప్పితే పక్కవాళ్ల శ్రుతి కూడా చెడిపోతోందని ఆయన క్లాసులోంచి బయటికి పంపేశాడు. ఉద్యోగంలో చేరిన రోజున కోడ్ నేమ్ ఏం కావాలని అడిగితే, పంతం కొద్దీ ఆ పేరే చెప్పింది.

చీఫ్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. యూనివర్సిటీలో కళనీ కంప్యూటర్నీ కలిపే ల్యాబ్ ఒకటుంది. అక్కడ తయారైన యంత్రం పేరు పాలపిట్ట. డిజిటల్ కాన్వాస్ మీద కుంచెతో గీత గీస్తే అది స్వరంగా మారుతుంది. గీత పైకి పోతే స్వరమూ పైకి, దిగితే స్వరమూ కిందికి. అలా పుట్టిన సంగీతాన్ని మరో యంత్రంలో తిరగేస్తే మళ్లీ బొమ్మ బయటికొస్తుంది. రేపు దాని తొలి ప్రదర్శన. దాని సంగీతం రేడియో మీద చాలా దేశాలకి లైవ్‌లో వెళుతుంది. ఆ సంగీతంలో మ్యాపు దాచి పంపాలని ఒక విదేశీ ముఠా పథకం వేసింది.

"పంపేది ప్రొఫెసరే," అన్నాడు చీఫ్. "ల్యాబ్‌లో మన ఇన్ఫార్మర్ ఉంది, నెమలి. తనే కబురు పంపింది."

ప్రొఫెసరంటే కీచురాయికి సొంత అక్క.

ఆ సంగతి చీఫ్‌కి తెలియక కాదు. తెలిసే పిలిపించాడు. అక్క గుట్టు చెల్లెలికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుందని ఆయన లెక్క. ఆధారం దొరికితే మంచిది, దొరక్కపోయినా రేపు అరెస్టు ఖాయమన్నాడు.

"ఆధారం లేకుండానా, సార్?"

"నిప్పు లేనిదే పొగ రాదు."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం ఆయన. అక్క తన వయసంతా ఆ యంత్రానికి ధారపోసింది. దాన్ని ఒక్క సంతకంతో దొంగసొత్తు కింద జమకడతామంటే చూస్తూ ఊరుకోకూడదని కీచురాయి మెట్లు దిగుతూనే నిశ్చయించుకుంది.

వేషాల సెక్షన్ వాళ్ల తెలివికి దండం పెట్టాలి. పాట రాని మనిషిని పియానో శ్రుతి చేసే మనిషిగా తయారు చేశారు. నెరిసిన విగ్గు, మందపాటి కళ్లద్దాలు, తోలు సంచీ, చెవిపోగులో రిసీవరు. చేతికి ఒక గడియారం కూడా కట్టారు. అది టైము చూపించదు. స్వరం హెచ్చితే ముల్లు కుడికి, తగ్గితే ఎడమకి వాలుతుంది. చెవి చేయలేని పని కళ్లతో కానివ్వమని వాళ్ల ఉద్దేశం.

ల్యాబ్ నేలంతా వైర్లు. అవి కాళ్లకి తగలకుండా పైన టేపు అంటించారు. గోడలకి గరుకు స్పాంజి పలకలు. వయొలిన్‌కి సెన్సర్లు, కీబోర్డుకి రంగు మరకలు, కాఫీ కప్పులో కుంచెలు. అక్కడ ఏ వస్తువూ తన పని తాను చేసుకుంటున్నట్టు లేదు.

కీచురాయి పియానో మూత తీసిందో లేదో, వెనకనుంచి మల్లెల సెంటు గుప్పుమంది.

"పియానోకి జలుబు చేసిందా?"

"జలుబు కాదు, అలక." కోడ్ సరిపోయింది.

నెమలి పేరు తనకే తగును. నీలం పట్టు గౌను, పొడుగాటి వేళ్లు, నడుస్తుంటే జనం దారి ఇచ్చే తీరు. విదేశాల్లో పేరున్న చిత్రకారిణి. రేపు వేదిక మీద బొమ్మ గీసేది ఆవిడే. ప్రొఫెసరు రోజూ రికార్డింగ్ గది తలుపేసుకుని ఒంటరిగా ఏదో పాడుకుంటుందనీ, అక్కడే ఉంది కిటుకంతా అనీ చెవిలో చెప్పి చక్కా పోయింది.

కాసేపటికి ప్రొఫెసరు స్వయంగా వచ్చి, ట్యూనర్ గారితో మాట్లాడాలంటూ ఆమెని అదే గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది.

"విగ్గు తియ్యి, ఉక్కపోసి చస్తావు," అంది అక్క. "నీటి మీటర్ల ఆఫీసులో ఉద్యోగమని ఇన్నేళ్లూ నమ్మించావు కదే. నువ్వు ఆ పియానోని కొడుతున్న తీరు వినగానే తెలిసిపోయింది. స-కీ ప-కీ తేడా తెలియనిదానివి, నీకెందుకే ఈ వేషం?"

కీచురాయికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇక దాచి లాభం లేదని మొత్తం చెప్పేసింది. చివర బతిమాలింది కూడా, ప్రదర్శన నువ్వే ఆపేయి అక్కా, ప్రాణం దక్కుతుందని.

"ఆపను," అంది అక్క. "ఆపితే తప్పు ఒప్పుకున్నట్టే. రేపు నా యంత్రం పాడుతుంది. బేడీలు వేస్తారా, వెయ్యమను. బేడీలతోనే కూర్చుని వింటాను."

రోట్లో తల పెట్టాక రోకటి పోటుకి వెరవడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. చెల్లెలు ఇంకా బతిమాలితే అది అక్కని అవమానించడమే అయ్యేది.

తలుపేసుకుని పాడే పాట సంగతి కూడా అక్కే చెప్పింది. యంత్రం లోపలి సెట్టింగులు తెరవడానికి ఆ పాటే తాళంచెవి. అది అమ్మ జోలపాట. మూడో చరణంలో అమ్మ ఎప్పుడూ ఒక స్వరం తప్పేది. ఆ తప్పుతో సహా పాడితేనే యంత్రం తెరుచుకుంటుంది. గొంతు ఎవరిదైనా పరవాలేదు, తప్పు మాత్రం అమ్మదై ఉండాలి. మూడుసార్లు తేడా వస్తే మూసుకుపోతుంది.

ఆ మధ్యాహ్నం రిహార్సల్‌లో నెమలి కాన్వాస్ ముందు నిలబడి కళ్లు మూసుకుంది. ముందుగా ఏదీ అనుకోనని, చెయ్యి ఎటు పోతే అటే తన బొమ్మ అని అందరికీ చెప్పింది. సంగీతం మొదలైంది. చెవులున్నవాళ్లంతా మైమరచిపోయారు. కీచురాయికి ఆ భాగ్యం లేదు కాబట్టి గడియారం ముల్లు చూస్తూ కూర్చుంది. సాయంత్రం రెండో రిహార్సల్‌లోనూ అదే చూసింది. మొదటి భాగంలో ముల్లు మధ్యాహ్నానికీ సాయంత్రానికీ పొంతన లేకుండా ఆడింది. చివరి భాగంలో మాత్రం అచ్చం అదే ఊపు, అదే ఆగడం, అదే దూకడం. చెయ్యి ఎటు పోతే అటు పోయే మనిషికి రెండుసార్లూ ఒకే దారి ఎలా దొరికింది?

బొమ్మ ప్రింటు తీసుకుని, బ్రీఫింగులో ఇచ్చిన మ్యాపు మీద పెట్టి కిటికీ అద్దానికి అదిమింది. తీరం తీరంతో కలిసింది. బొమ్మలోని ఎర్ర చుక్కలన్నీ రాడార్ల మీద కూర్చున్నాయి. మ్యాపు యంత్రంలో లేదు, కుంచెలో ఉంది. నేరం అక్క మీదికి నెట్టడానికే ఆ కబురు పంపి, మన జీతం తీసుకుంటూ నెమలి అవతలివాళ్లకి పురివిప్పి ఆడుతోంది.

చీఫ్‌కి ఫోన్ చేసింది. ఆయన వినలేదు. నెమలిని ఏరి తెచ్చింది ఆయనే మరి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అక్కని కాపాడలేక ఎదుటివాళ్ల మీద పడుతున్నావన్నాడు. హాల్లో పెద్దలుంటారు కాబట్టి ప్రదర్శన మొదలవనిస్తాం, చివరి భాగం రాకముందే మెయిన్ స్విచ్ తీయిస్తాం అని ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు హాలు నిండిపోయింది. తొలి భాగం అవుతుండగా ఇద్దరు మనుషులు కంట్రోల్ రూమ్‌లోకి వచ్చి ప్రొఫెసరు చేతులకి బేడీలు వేశారు. ఆవిడ గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి, "పాట గుర్తుందిగా?" అని మాత్రం అంది.

గదిలో మిగిలింది కీచురాయి, మీసాల సౌండ్ ఇంజనీరు. అద్దం అవతల నెమలి కొత్త కుంచె అందుకుంటోంది. బొమ్మని ఆపడానికి వీల్లేదు. ఆపితే అక్క మీద మచ్చ అలాగే ఉండిపోతుంది, ముఠా మరో పాట వెతుక్కుంటుంది. కానీ ఆధార శ్రుతిని మెలిపెడితే గీతలూ మెలితిరిగిపోతాయి. దానికి యంత్రం తెరవాలి.

జోలపాట ఇంజనీరుకి తెలుసు. అక్క తలుపేసుకుని పాడుతున్నా, మైకుల్లోంచి ఎన్నోసార్లు విన్నాడు. మైకు ముందు శ్రద్ధగా పాడాడు. తెర ఎర్రబడింది. మళ్లీ పాడాడు. మళ్లీ ఎరుపే.

"తప్పు పాడమన్నాను కదండీ," అంది కీచురాయి.

"పాడదామనే అనుకుంటున్నా మేడమ్," అన్నాడు పాపం, చెమటలు కక్కుతూ. "అక్కడికొచ్చేసరికి గొంతు దానంతటదే సరిచేసుకుంటోంది. ఇరవై ఏళ్ల సాధన, ఏం చెయ్యను?"

చెవిపోగులో చీఫ్ గొంతు ఖంగుమంది. "చివరి భాగం వస్తోంది. స్విచ్ తీయిస్తున్నా."

"తీయకండి సార్. నేను పాడుతున్నా."

"నువ్వా?" అన్నాడు చీఫ్. ఆ ఆశ్చర్యంలో స్విచ్ తీయించే మాటే మరిచిపోయాడు.

గడియారం విప్పి బల్లమీద పడేసింది. కళ్లు మూసుకుంది. జ్వరం వచ్చిన రాత్రి నుదుటి మీద తడిగుడ్డ, అమ్మ చెయ్యి, ఆ గొంతు. మొదటి చరణం, రెండో చరణం. మూడో చరణంలో అమ్మ ఎక్కడ జారిందో కూతురూ సరిగ్గా అక్కడే జారింది. అలా తప్ప ఆ పాట ఇంకెలా ఉంటుందో ఆమెకి ఎప్పుడూ తెలియదు. తెర ఆకుపచ్చగా వెలిగింది.

వేదిక మీద కుంచె తీరం మొదటి మలుపుని తాకడం, ఆమె వేలు శ్రుతి మీటని పట్టుకోవడం ఒకేసారి జరిగాయి. నెమలి గీత పైకి పోతే ఈమె శ్రుతి కిందికి లాగింది. చుక్క పెట్టబోతే గిర్రున తిప్పింది. హాల్లో జనం ఉలిక్కిపడి, తర్వాత ఊపిరి బిగబట్టి విన్నారు.

"అపశ్రుతి మేడమ్," అని ఇంజనీరు చెవులు మూసుకున్నాడు.

"బాగా వస్తోందా?" అంది ఆమె.

ప్రదర్శన ముగిశాక వేదిక వెనకే చీఫ్ ఎదుట ఆ సంగీతాన్ని తిరగేసి బొమ్మ తీశారు. మ్యాపులో రాడార్లు ఎన్నున్నాయో చుక్కలూ అన్నే. కాకపోతే అన్నీ సముద్రంలో తేలుతున్నాయి. అయినా ఇది ప్రొఫెసరు పని ఎందుకు కాకూడదంటూ చీఫ్ ఇంకా నసుగుతున్నాడు.

ఆ నసుగుడికి నెమలే ముగింపు పలికింది. ఏ బొమ్మా ముందుగా అనుకోనన్న మనిషి గ్రీన్ రూమ్‌లోంచి దూసుకొచ్చి అందరి ఎదుటా అరిచింది. "నా మలుపులన్నీ ఎవరు మార్చారు? ఆ మూడో చుక్క అక్కడ పలకాల్సింది కాదు!" మాట నోరు జారాక నాలిక కరుచుకుంది. అప్పటికే చీఫ్ వినేశాడు. అక్క చేతుల బేడీలు అక్కడికక్కడే విప్పి నెమలికి వేశారు.

అక్క మణికట్టు రుద్దుకుంటూ వచ్చి కంట్రోల్ రూమ్ రికార్డింగు వేయించుకుని వింది. జోలపాట అయ్యాక కళ్లు తుడుచుకుని, "అమ్మకంటే ఘోరంగా పాడావే," అంది. కీచురాయికి జీవితంలో పాటకి దక్కిన మొదటి మెచ్చుకోలు అది.

ఆ చివరి భాగం కొత్త బాణీ అని విమర్శకులు పేజీలకి పేజీలు రాశారు. అవతలి నౌకాదళం మాత్రం ఈ మధ్య నడిసముద్రంలో రాడార్ స్టేషన్లు వెతుకుతూ చేపల్ని భయపెడుతోందని వినికిడి.